రాయి తిరిగి ఊరు చేరిన సినిమా

పాత వస్తువుల వేటలో తిరిగే పురావస్తు పండితుడు ఇండియానా జోన్స్ హీరోగా వచ్చిన హాలీవుడ్ సినిమాలు మొత్తం ఐదు. మొదటిది 1981లో, చివరిది 2023లో వచ్చాయి. విజయవాడలోనో గుంటూరులోనో ఇంగ్లిష్ సినిమాల పిచ్చి ఉన్న నలుగురు ఒకచోట చేరితే, కొందరు మొదటిదే గొప్పదంటారు, కొందరు తండ్రీకొడుకుల కథ ఉన్న మూడోదాన్ని నెత్తిన పెట్టుకుంటారు. 2008 నాటి నాలుగోదాన్ని తిట్టడానికి మాత్రం అందరూ ఏకమవుతారు. 1984లో వచ్చిన రెండోది, ‘టెంపుల్ ఆఫ్ డూమ్’, ఈ చర్చలో ఎంతోసేపు నిలవదు. ‘కోతి మెదడు తినే సినిమానే కదా’ అన్న ఒక్క మాటతో దాని పని అయిపోతుంది.

ఆ కోపంలో న్యాయం ఉంది. కానీ ఒక్క విందు సీను చూసి సినిమా మొత్తాన్ని తీసి పారేస్తే, ఈ ఐదింటిలో కృష్ణ ఒడ్డువాళ్లకు అన్నిటికంటే దగ్గర కావాల్సిన కథ చేజారిపోతుంది. అసలు విషయం విందులోనూ లేదు, గుహలోనూ లేదు. చివరి ఐదు నిమిషాల్లో ఉంది.

కథ 1935లో, షాంఘైలోని ఒక నైట్‌క్లబ్‌లో మొదలవుతుంది. మంచూ రాజుల మూలపురుషుడు నూర్హాచీ చితాభస్మం ఇచ్చి, బదులుగా ఒక వజ్రం పుచ్చుకోవడానికి ఇండియానా జోన్స్ అక్కడికి వస్తాడు. చదువుకున్న పండితుడే, కానీ వచ్చింది బేరానికి. బేరం చెడుతుంది. ప్రాణాలు దక్కించుకుని విమానం ఎక్కితే, పైలట్లు దాన్ని గాల్లోనే వదిలేసి దూకేస్తారు. రబ్బరు పడవ పట్టుకుని మంచుకొండ మీదకు దూకి, అక్కడినుంచి జారి నదిలో పడి, చివరికి మన దేశంలో ఎండిపోయిన ఒక పల్లెకు చేరతాడు. వెంట షార్ట్ రౌండ్ అనే పిల్లవాడు, విల్లీ అనే గాయని ఉంటారు. ఆ ఊరిని కాచే శివలింగం లాంటి రాయిని పంకోట్ కోటవాళ్లు ఎత్తుకుపోయారు. బావులు ఎండాయి, పొలాలు బీడు పడ్డాయి, ఊళ్లో పిల్లలు మాయమయ్యారు.

రాయి తెచ్చిపెట్టమని ఊరి పెద్ద అడుగుతాడు. హీరో మనసులో మాత్రం వేరే లెక్క నడుస్తుంది. అది పాత కథల్లోని శంకర రాళ్లలో ఒకటైతే డబ్బూ పేరూ రెండూ వస్తాయని పిల్లవాడితో పైకే అంటాడు. కోటకు వెళ్తాడు, కింద గుహలో గుడిని కనిపెడతాడు, అక్కడున్న మూడు రాళ్లూ సంచిలో వేసుకుంటాడు. మిగతా ఏ సినిమాలోనైనా అక్కడినుంచి పరుగు మొదలయ్యేది. ఇక్కడ అలా జరగదు. ఎక్కడినుంచో శబ్దం వినిపిస్తుంది. వెళ్లి తొంగి చూస్తే కింద గనిలో సంకెళ్లతో పిల్లలు, కొరడాతో కాపలావాడు. సంచిలో రాళ్లున్నాయి, బయటికి దారీ ఉంది. ఇండియానా జోన్స్ మాత్రం చేతికందిన బండరాయి తీసి కాపలావాడి మీదకు విసురుతాడు. పట్టుబడతాడు. ఆ పాత్ర అంతకుముందూ తర్వాతా చాలా సాహసాలు చేసింది గానీ, చేతిలో ఉన్న నిధిని కాదనుకుని పరాయి పిల్లల కోసం నిలబడిపోయిన ఈ క్షణానికి సాటి వచ్చేది ఇంకోటి లేదు. కాసేపటికి, అందరం బయటికి పోదాం అన్న అర్థంలో అతను ఒక్క చిన్న మాట అంటాడు. చీకట్లోంచి ముఖం మీదకు వెలుగు, వెనకాల జాన్ విలియమ్స్ సంగీతం. ఈ ఐదు సినిమాల్లో హీరో అంటే ఎవరో చూపించడానికి ఒక్క షాట్ ఎంచుకోమంటే దీన్నే ఎంచుకోవాలి.

ముగింపులో ఒక్క రాయే మిగులుతుంది. ఊరు మళ్లీ పచ్చబడింది. పిల్లలు తల్లుల దగ్గరికి పరుగెత్తుతారు. హీరో ఆ రాయిని ఊరి పెద్ద చేతిలో పెడతాడు. నువ్వే ఉంచుకోవచ్చుగా అని విల్లీ అడిగితే, ఎందుకు, మ్యూజియంలో పెడతారు, దుమ్ము పట్టే ఇంకో రాయి అవుతుంది అన్నట్టుగా జవాబిస్తాడు.

ఆ జవాబు ఎంత బరువైనదో తెలియాలంటే మిగతా సినిమాలు గుర్తు చేసుకోవాలి. మొదటి సినిమా మొదలయ్యేదే దక్షిణ అమెరికా అడవిలో ఒక తెగవాళ్ల బంగారు విగ్రహాన్ని ఎత్తుకురావడంతో. అందులో అందరూ వెతికే బైబిల్ కాలపు పవిత్ర పెట్టె, మందసం, చివరికి ప్రభుత్వ గోదాంలో, వేల పెట్టెల మధ్య ఒక పెట్టెగా మిగిలిపోతుంది. మూడో సినిమాలో కుర్రవాడిగా ఉన్నప్పటినుంచీ అతను పట్టుబట్టి చెప్పేది, ఇలాంటి వస్తువుల చోటు మ్యూజియమేనని. నాలుగోదాంట్లో స్ఫటిక పుర్రెను తిరిగి చేరుస్తాడు, నిజమే. కానీ చేర్చేది వేరే లోకపు జీవులకు. ఒక ఊరి వస్తువును, ఆ ఊరి మనుషులకు, వాళ్ల చేతికే తిరిగి ఇచ్చింది ఈ రెండో సినిమాలో మాత్రమే.

గుంటూరు ప్రాంతం మనిషి ఈ ముగింపును ఊరకే చూసి వదిలేయలేడు. విజయవాడ నుంచి కృష్ణ వెంబడి పైకి వెళ్తే అమరావతి వస్తుంది. అక్కడి మహాస్తూపం గురించి తెలిసి కల్నల్ కాలిన్ మెకంజీ 1797లో మొదట వచ్చాడు, మళ్లీ 1816లో వచ్చి కొలతలు తీయించి బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి చాలా శిల్పాలను మద్రాసు పంపాడు. అక్కడినుంచి 1859లో కొన్ని ఓడెక్కి లండన్ చేరాయి. చేరాక కూడా సరైన చోటు లేక ఏళ్ల తరబడి పడి ఉండి, 1880లో బ్రిటిష్ మ్యూజియానికి వచ్చాయి. ఇప్పుడు అక్కడ నూటికి పైగా అమరావతి శిల్పాలున్నాయి. వాటిని ఆ ఇలియట్ పేరుతోనే పిలిచినవాళ్లూ ఉన్నారు. మరికొన్ని చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో ఉన్నాయి. పల్నాడు సున్నపురాయి మీద మనవాళ్లు చెక్కిన తామరపూలు, ఏనుగులు, జాతక కథలు లండన్‌లో చూడాలంటే మనవాళ్లే వీసా తీసుకోవాలి. స్తూపం ఉన్న చోట ఇప్పుడు కనిపించేది పునాది దిబ్బ, చుట్టూ పేర్చి నిలబెట్టిన కొన్ని రాళ్లు, పక్కన పురావస్తు శాఖ మ్యూజియం.

రెండోవైపు కూడా చెప్పాలి. రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త పట్నం కట్టేటప్పుడు ఆ దిబ్బ రాళ్లు కట్టడాలకు వెళ్లాయి. సున్నం కోసం బట్టీలో కాలినవీ ఉన్నాయి. అప్పట్లో ఎవరూ తీసుకెళ్లకపోతే ఈ మాత్రం కూడా మిగిలేది కాదనే వాదనను కొట్టిపారేయలేం. కానీ సినిమాలో రాయి సంగతి వేరు. అది దిబ్బ కింద మరిచిపోయిన రాయి కాదు, ఊరంతా కొలిచే రాయి. అలాంటిదాన్ని మ్యూజియంలో పెట్టడం కాపాడడం కిందకు రాదని, హాలీవుడ్ అతి పెద్ద హీరోల్లో ఒకడి నోట 1984లోనే అనిపించారు. పరాయి దేశాల మ్యూజియాల నుంచి విగ్రహాలు తిరిగి తెప్పించుకోవడం గురించి ఇవాళ ఇంత చర్చ జరుగుతోంది కాబట్టి ఆ మాట ఇప్పుడు ఇంకా గట్టిగా వినిపిస్తుంది.

ఇంకో విశేషం. సినిమాలో శంకర రాళ్లు మొత్తం ఐదు. మూడు పంకోట్ గుహలోని మాంత్రికుడు మోలారామ్ దగ్గరున్నాయి, మిగతా రెండింటి కోసమే పిల్లల చేత గని తవ్విస్తుంటాడు. అమరావతిలో అమరేశ్వరుడి గుడి పంచారామాల్లో ఒకటి. తారకాసురుడి మెడలోని లింగం ఐదు ముక్కలై ఐదు చోట్ల పడిందని, అమరావతి, ద్రాక్షారామం, సామర్లకోట, భీమవరం, పాలకొల్లు ఆ ఐదు క్షేత్రాలని మనవైపు స్థలపురాణం. స్క్రీన్‌ప్లే రాసిన విల్లర్డ్ హైక్, గ్లోరియా కాట్జ్ దంపతులు పంచారామాల గురించి విని ఉంటారని చెప్పడానికి ఆధారమేమీ లేదు. యాదృచ్ఛికమే అయినా, మనవాళ్లు ఆ సీన్లు చూస్తున్నప్పుడు ఇది తట్టకుండా ఉండదు.

ఇక సినిమా చేసిన తప్పులు. అవి చిన్నవి కావు, వాటిని దాచి ఈ సినిమాను వెనకేసుకురావడం కుదరదు. విందులో పాములు, పురుగులు, కళ్లు తేలే సూపు, చివర కోతి మెదడు. భారతదేశంలో ఏ రాజు ఇంట్లోనూ లేని తిండి అది. మన దేశం గురించి ఏమీ తెలియని పిల్లలు అమెరికాలో ఆ సీను చూసి, బడిలో పక్కన కూర్చున్న భారతీయ పిల్లలను ఏడిపించారంటే దానికి బాధ్యత సినిమా తీసినవాళ్లదే. పల్లెజనం మాట్లాడేది సింహళం. స్క్రిప్టు మీద మన ప్రభుత్వం అభ్యంతరం చెప్పడంతో షూటింగ్ శ్రీలంకలోని క్యాండీ దగ్గరికి మారింది, అక్కడివాళ్లనే తీసుకున్నారు, వాళ్ల భాషనే వాడేశారు. మన దేశంలో సినిమా మీద కొంతకాలం నిషేధం కూడా నడిచింది. చివర్లో వంతెన దగ్గరికి బ్రిటిష్ సైన్యం వచ్చి కాల్పులు జరిపి కథ తేల్చడం ఇంకో ఇబ్బంది. 1935లో, స్వాతంత్ర్యోద్యమం సాగుతున్న దేశంలో, తెల్లదొరల తుపాకులను రక్షకులుగా చూపించారు.

అన్నిటికంటే లోతుగా తగిలేది కాళిక విషయం. ఇంద్రకీలాద్రి కింద బతికే ఊరికి అమ్మవారి ఉగ్రరూపం కొత్త కాదు. దసరా తొమ్మిది రోజుల్లో అదే దుర్గమ్మ అన్నపూర్ణగా అన్నం పెడుతుంది, మూలా నక్షత్రం నాడు సరస్వతిగా కూర్చుంటుంది, మహిషాసురమర్దినిగా శూలం పడుతుంది. కొండ మీద క్యూలో గంటల తరబడి నిలబడేవాళ్లకు ఆ ఉగ్రమూర్తి అభయమిచ్చే తల్లే. సినిమా కాళికను నరబలి కోరే బొమ్మగా మాత్రమే చూసింది. దీనికి సమర్థన లేదు.

అయితే ఒక మాట. గుహలో దేవత, ఆమె ముందు నరబలి, శక్తుల కోసం పాకులాడే మాంత్రికుడు, వాడిని ఎదిరించే సాహసి అంటే మనకు పరాయి కథేం కాదు. 1951లో కె.వి. రెడ్డి తీసిన ‘పాతాళభైరవి’ చూసి పెరిగిన జనం మనం. గుంటూరు ఏసీ కాలేజీలో చదువుకున్న ఎన్టీఆర్ తోటరాముడు, ఎస్వీ రంగారావు నేపాళ మాంత్రికుడు. బలి ఇవ్వడానికి తెచ్చినవాడే మాంత్రికుడిని బలి ఇస్తాడు, దేవత ప్రసన్నమవుతుంది. మోలారామ్‌గా అమ్రీష్ పురి గుండు, కొమ్ముల తలపాగా, ఆ గొంతు చూస్తే అతను మన జానపద మాంత్రికుడి వరసలోనివాడే అనిపిస్తుంది. తేడా ఎక్కడుందంటే, మన కథలో భైరవి మాంత్రికుడి సొత్తు కాదు. ఆమె వాడి కంటే పైన ఉంటుంది, తప్పు చేసేది మాంత్రికుడే. ‘టెంపుల్ ఆఫ్ డూమ్’ ఈ సూత్రాన్ని సగం పట్టుకుంది. వంతెన మీద వేలాడుతూ హీరో, నువ్వు శివుడికి ద్రోహం చేశావని మోలారామ్‌ను తిడతాడు. ఆ మాటతోనే రాళ్లు నిప్పులై మండుతాయి, వాటిని పట్టుకోబోయిన మోలారామ్ చెయ్యి కాలి లోయలోని మొసళ్లకు చిక్కుతాడు. అంటే దుర్మార్గుడిని చివరికి శిక్షించింది హీరో పిడికిలి కాదు, ఊరి దేవుడు. శివుడి విషయంలో చూపించిన ఈ గౌరవం కాళిక విషయంలోనూ చూపించి ఉంటే, సగం గొడవ ఉండేది కాదు.

అమ్రీష్ పురి తర్వాత 1990లో ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’లో మాంత్రికుడయ్యాడు. 1991లో ‘ఆదిత్య 369’లో మ్యూజియం వస్తువులు దొంగిలించే రాజావర్మ అయ్యాడు. తెలుగు తెర అతన్ని ఎందుకంత సులువుగా సొంతం చేసుకుందో మోలారామ్‌ను చూస్తే అర్థమవుతుంది.

కథ సంగతి పక్కన పెట్టినా, పనితనంలో ఈ సినిమా ఐదింటిలో దేనికీ తీసిపోదు. బొగ్గు గనుల్లో తిరిగే తొట్టిబళ్ల లాంటి వాటి మీద సాగే ఛేజ్ ఇందుకు మంచి ఉదాహరణ. అందులో కొంత లండన్ దగ్గర ఎల్‌స్ట్రీ స్టూడియోలో నిజమైన పట్టాలు వేసి తీశారు. మిగతాది బొమ్మలతో తీసింది. సొరంగం గోడలు నలిపి రంగు వేసిన అల్యూమినియం ఫాయిల్. బండిలో కూర్చున్నవి చిన్న చిన్న బొమ్మలు. అంత ఇరుకు సొరంగంలో మామూలు సినిమా కెమెరా పట్టదు కాబట్టి, ఫొటోలు తీసే నికాన్ కెమెరాను మార్చి, దాన్నే పట్టాల మీద నడిపి, ఒక్కో ఫ్రేమూ తీశారు. చక్రాల రొదను బెన్ బర్ట్ డిస్నీల్యాండ్ రోలర్‌కోస్టర్ల దగ్గర రికార్డు చేశాడు. ఇవన్నీ తెలిశాక మళ్లీ చూసినా ఎక్కడ నిజం బండి, ఎక్కడ బొమ్మ అన్నది కంటికి దొరకదు. విజువల్ ఎఫెక్ట్స్‌కు ఆస్కార్ ఊరికే రాలేదు.

తాళ్ల వంతెన అయితే నిజంగా కట్టిందే. క్యాండీ దగ్గర్లో విక్టోరియా డ్యామ్ పని చేస్తున్న ఇంజినీర్ల సాయంతో లోయకు అడ్డంగా కట్టి, చివరికి పేలుడు పదార్థాలతో తెంచేశారు. కింద పడేవి కాళ్లూ చేతులూ ఆడించే బొమ్మలు. తెంపితే మళ్లీ కట్టే వీలు లేదు కాబట్టి చాలా కెమెరాలు పెట్టి ఒక్కసారిలో తీయాలి. ఆ టెన్షన్ తెర మీద కనిపిస్తుంది. ఇదంతా జరుగుతుండగా హీరోగా వేసిన హారిసన్ ఫోర్డ్ నడుము డిస్కు దెబ్బతింది. అమెరికా వెళ్లి, బొప్పాయి నుంచి తీసే ఎంజైమ్ ఇంజెక్షన్ చేయించుకున్నాడు. ఆ వారాల్లో డూప్ విక్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఫైట్లు చేశాడు.

చీకటి ఎక్కువైందన్నది అమెరికా విమర్శకుల పాత ఫిర్యాదు. అప్పట్లో ఈ సినిమాకు మూలకథ ఇచ్చిన జార్జ్ లూకాస్ విడాకుల బాధలో ఉన్నాడు. మొదటి సినిమా రాసిన లారెన్స్ కాస్డన్ ఈ కథ రాయనన్నాడు. దర్శకుడు స్పీల్‌బర్గ్ కూడా తర్వాత తన సినిమాల్లో దీన్ని పెద్దగా సొంతం చేసుకోలేదు. మనిషి గుండె చేత్తో పీకే సీను మీద గొడవ ఎంత పెద్దదైందంటే, అదే ఏడాది ‘గ్రెమ్లిన్స్’ మీద వచ్చిన ఫిర్యాదులు కూడా కలిసి, 1984 జూలైలో పదమూడేళ్లలోపు పిల్లల విషయంలో తల్లిదండ్రులను హెచ్చరించే పీజీ-13 అనే కొత్త రేటింగే అమెరికాలో వచ్చింది. డబ్బుకు మాత్రం లోటు రాలేదు, ప్రపంచమంతా కలిపి 33 కోట్ల డాలర్లు దాటింది. అయినా తీసినవాళ్లే చులకన చేస్తే చూసేవాళ్లు ఎందుకు నెత్తిన పెట్టుకుంటారు?

కానీ ఆ చీకటి లేకపోతే ఈ కథ నిలబడదు. హీరో చేత రక్తం తాగించి మోలారామ్ తన వైపు తిప్పుకుంటాడు. ఆ మత్తులో ఇండియానా జోన్స్ షార్ట్ రౌండ్‌ను చెయ్యెత్తి కొడతాడు. పిల్లవాడు ఏడుస్తూనే కాగడా తీసి అతని ఒంటికి ఆనిస్తాడు, మత్తు దిగుతుంది. ఎంతటి హీరో అయినా చెడిపోగలడని, వాడిని దారికి తెచ్చింది పదకొండేళ్ల పిల్లవాడని చూపించే ధైర్యం మిగతా నాలుగింటిలో లేదు. ఆ పిల్లవాడిగా వేసిన కీ హుయ్ క్వాన్ వియత్నాం నుంచి శరణార్థిగా వచ్చిన కుటుంబంలోనివాడు. అన్నదమ్ముడు ఆడిషన్‌కు వెళ్తుంటే తోడు వెళ్లి, తనే ఎంపికయ్యాడు. 2023లో ఉత్తమ సహాయ నటుడిగా ఆస్కార్ అందుకున్నాడు. విల్లీ పాత్రకు ఇంత గౌరవం దక్కలేదు. కేట్ కాప్షా చేత రెండు గంటలూ కేకలు పెట్టించి ఊరుకున్నారు, అది రాతలో లోపం.

మళ్లీ చూడాలనుకునేవాళ్లు విడుదలైన వరసలో కాకుండా కథ వరసలో చూస్తే బాగుంటుంది. ఇది 1935 నాటి కథ, మొదటి సినిమా కథ 1936లో జరుగుతుంది. ఇలా చూస్తే ఒక చిక్కు ఎదురవుతుంది. ఏడాది కిందటే మండే రాళ్లను కళ్లారా చూసినవాడు, మొదటి సినిమాలో మందసం మహిమలను మూఢనమ్మకమని కొట్టిపారేస్తాడు. రాసినవాళ్లు ఈ రెండింటికీ పొత్తు కుదర్చలేదు. అయినా మందసం గోదాంలోకి వెళ్లే ఆఖరి సీను ఈ వరసలో చూస్తే మొదటిసారి చూసినట్టు ఉండదు. పదేళ్లలోపు పిల్లలుంటే గుడిలో బలి సీను దాటించండి. విందు సీను వచ్చినప్పుడు మాత్రం దాటించకుండా, అది అబద్ధమని వాళ్లకు అక్కడే చెప్పండి.